పిచ్చుకకు స్కాలర్‌షిప్

ఆసుపత్రి బట్టల గది,
మార్చి మొదటి సోమవారం

అక్కా,

ఫోన్ చేయకుండా ఇదేమిటి ఉత్తరం రాసింది అనుకుంటావు. మా ఇల్లు నీకు తెలుసు కదా, ఒక గదిలో దగ్గితే రెండో గదిలోంచి మందు తెస్తారు. ఈ సంగతి ఆయన వినకూడదు, పిచ్చుక అసలే వినకూడదు. అందుకే ఇక్కడ, రోగుల దుప్పట్లు మడతపెట్టే బల్ల మీద, అన్నం డబ్బా మూత కూడా తీయకుండా రాస్తున్నాను.

నీ ముద్దుల పిచ్చుక, నా కూతురు, చేసిన పని నీకు తెలిసే ఉంటుంది. మెకానిక్కుల సంఘం వాళ్లు హైస్కూలు పిల్లలకు ఇచ్చే స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టింది. పెడితే పెట్టింది, ఏ మందుల తయారీకో, ఏ కంప్యూటర్ పనికో పెట్టిందా? లిఫ్టు మెకానిక్ శిక్షణకి పెట్టింది! వాళ్ల స్కూలు టీచరు దారిలో ఎదురై, "మీ అమ్మాయికి తప్పకుండా వస్తుందండీ" అని నవ్వుతూ చెబుతుంటే నా చేతిలో సంచీ జారి కింద పడింది. ఆవిడ సంతోషం పట్టలేకనేమో అనుకుంది పాపం.

నీకు తెలిసిందే అయినా మళ్లీ రాస్తున్నాను, నువ్వు మర్చిపోయావేమోనని భయం. మా ఆయన లిఫ్టు పెట్టె పైకప్పు మీద నిలబడి పని చేస్తున్నాడు. తోడుగా ఉన్న మనిషి టీకి వెళ్లాడు. లోపల ఒక మనిషి ఉన్నాడని తెలియక పై అంతస్తులో ఎవరో స్విచ్ వేశారు. ఆ కాలు మళ్లీ నేల మీద సరిగ్గా ఆనలేదు. చంక కింద కర్ర పెట్టుకుని, ఇంట్లో కూర్చుని ఫ్యాన్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. బతికాడు, అంతే చాలనుకున్నాను. ఇప్పుడు అదే గోతిలోకి పిల్ల దిగుతానంటోంది.

ఆ ఎంపిక చేసేవాళ్లలో నువ్వూ ఉన్నావు కదా. నీ ఒక్క మాట చాలు. "ఈ పిల్లకి ఈ పని సరిపడదు" అను. అంతే. నువ్వన్నావని దానికి తెలియనవసరం లేదు, నేనడిగానని అసలే తెలియనవసరం లేదు. నీ కాళ్లు పట్టుకుంటాననుకో.

చిన్నీ


వెల్డింగ్ షెడ్డు,
మార్చి

చిన్నీ,

నీ ఉత్తరం నా తరగతి పిల్లల ముందే విప్పాను. నా ముఖం చూసి ఒకడు, "మేడమ్, ఇంట్లో అందరూ బాగున్నారా?" అన్నాడు. బాగున్నారురా, బాగుండటం భరించలేకపోతున్నారు అన్నాను.

ముందు అన్నం తిను. దుప్పట్ల మధ్య కూర్చుని కళ్లు తుడుచుకుంటే ఆ దుప్పట్లన్నీ మళ్లీ ఉతకాలి.

దరఖాస్తులు కట్టలు కట్టలుగా వచ్చాయి. ఈ ఏడు పిల్లలు ఎక్కువ. ఒకమ్మాయి ఫ్రిజ్‌లు బాగుచేయడం నేర్చుకుంటుందట, వాళ్లింట్లో ఫ్రిజ్ ఎప్పుడూ చెడిపోయే ఉంటుంది కనుక. ఒకడు వెల్డర్ అవుతానని రాసి, కారణం దగ్గర "నల్లద్దాల టోపీ బాగుంటుంది" అన్నాడు. వాడి నిజాయితీకి నేనే మురిసిపోయాను. ఎవర్ని తీసుకోవాలో, ఎవర్ని వెనక్కి పంపాలో తెలియక పెద్దలందరూ తల పట్టుకుంటున్నారు. ఇంకా ఇంటర్వ్యూలు ఉన్నాయి. నువ్వు ఇప్పటినుంచే కంగారు పడకు.

నువ్వడిగింది చూస్తాను. నా చేతిలో ఉన్నంతవరకు ఎవరికీ అన్యాయం జరగనివ్వను.

మరిదికి ఈ మధ్య కాలు నొప్పి తగ్గిందా? పిచ్చుకని ఏమీ అనకు. పరీక్షల రోజులు.

అక్క


ఆసుపత్రి బట్టల గది,
మార్చి చివర

అక్కా,

"చూస్తాను" అన్నావు. ఏం చూస్తావు? నీ ఉత్తరం పదిసార్లు చదివాను. ఫ్రిజ్ పిల్ల ఉంది, టోపీ వాడు ఉన్నాడు, నా పిల్ల మాత్రం లేదు.

మొన్న పని నుంచి తొందరగా ఇంటికి వెళ్లాను. తలుపు తీసేసరికి తండ్రీ కూతుళ్లిద్దరూ నేల మీద కూర్చుని ఉన్నారు. తలుపు కమ్మీకి ఒక కప్పీ కట్టారు. దాని మీదుగా తాడు వేసి, ఒక చివర ఇసుక సంచీ, ఇంకో చివర నా పప్పు డబ్బా వేలాడదీశారు. డబ్బా పైకీ కిందికీ పోతోంది. ఆయన ఏదో చెబుతున్నాడు, చేతులు తిప్పుకుంటూ. ఆ గొంతు విని ఎన్నేళ్లయిందో అక్కా! నన్ను చూడగానే ఇద్దరూ గప్‌చుప్. పిచ్చుక తాడు విప్పేసి డబ్బా తీసుకెళ్లి వంటింట్లో పెట్టేసింది. ఆయన కర్ర వెతుక్కున్నాడు. నా ఇంట్లో నేనే పోలీసునైపోయాను.

ఇవాళ పొద్దున ఇంటర్వ్యూకి బయల్దేరింది. దాని తెల్ల చొక్కా నేనే ఇస్త్రీ చేశాను. ఇక్కడ డాక్టర్ల కోట్లు కూడా అంత బాగా చేయను. కాలరు మడత దగ్గర ఇస్త్రీ పెట్టె ఆపి, "రాకూడదు, రాకూడదు" అని లోపల్లోపల అనుకుంటున్నాను. మళ్లీ ఆ మడత వంకర పోకుండా సరిచేస్తున్నాను. ఇలాంటి తల్లి ఉంటుందా?

వెళ్లేటప్పుడు "అమ్మా, ఎలా ఉన్నాను?" అంది. "బాగున్నావు" అన్నాను. నిజంగానే బాగుంది. చిన్నప్పుడు బీరువా ఎక్కి కూర్చునేదని పిచ్చుక అని పేరు పెట్టింది నువ్వే కదా. దిగమంటే దిగేది కాదు.

ఈపాటికి నీ ఎదురుగానే కూర్చుని ఉంటుంది. ఆ ఒక్క మాట అన్నావా?

చిన్నీ


ఇంటి నుంచి,
ఏప్రిల్ రెండో వారం

చిన్నీ,

ఫోన్‌లో చెబితే మధ్యలో పెట్టేస్తావు. కాగితం అయితే చింపేసేలోపు కొంతైనా చదువుతావు.

పిచ్చుకకు స్కాలర్‌షిప్ వచ్చింది.

అది నా ఎదురుగా కూర్చోలేదు. నేను ఆ గదిలోనే లేను. దాని దరఖాస్తు కనబడ్డ రోజునే, "ఇది మా చెల్లెలి కూతురు, ఈ ఏడు నేను తప్పుకుంటున్నాను" అని చెప్పి లేచి వచ్చేశాను. అది అక్కడి పద్ధతి. నీ ఉత్తరం వచ్చేసరికే నాకు ఓటూ లేదు, మాటా లేదు.

మరెందుకు చెప్పలేదంటావు. చెబితే నువ్వు ఊరుకునేదానివి కావు. మిగతా వాళ్ల దగ్గరికి వెళ్లేదానివి, లేకపోతే పిల్లని గదిలో పెట్టి గొళ్లెం వేసేదానివి. అక్క చూసుకుంటుంది అన్న నమ్మకంతో కాస్త ఊపిరి పీల్చుకుంటావనుకున్నాను. ఆ లోపల పిల్ల వెళ్లి తన మాటేదో తను చెప్పుకుంటుందనుకున్నాను. నిన్ను మోసం చేశాననుకో, కాదనను.

ఇంటర్వ్యూ జరిగినంతసేపూ నేను వరండాలో ఉన్నాను. తలుపు సందులోంచి దాని చొక్కా కాలరు ఒక్కటే కనబడింది. తర్వాత క్రేన్ పెద్దాయన నాతో చెప్పాడు. ఆయన ఓడల్లోంచి సరుకు దించే క్రేన్లు నడిపి రిటైరైన మనిషి, ఇప్పుడు ఈ సంఘానికి పెద్ద. ఆయనే అడిగాడట, "మీ నాన్నకి దెబ్బ తగిలిన పనే నీకెందుకమ్మా?" అని. పిల్ల, "మా నాన్న చాలా మంచి మెకానిక్ అండీ. దెబ్బ తగిలాక ఆ సంగతి అందరూ మర్చిపోయారు. మా ఇంట్లో కూడా" అందట.

తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన కాగితం మీకు వస్తుంది. మే నెలాఖరులోగా పంపాలి.

నన్ను ఏమైనా అను. పిల్లని మాత్రం అనకు.

అక్క


ఆసుపత్రి బట్టల గది,
ఏప్రిల్

అక్కా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

"మా ఇంట్లో కూడా" అందా? మర్చిపోయింది నేనన్నమాట. కట్లు మార్చిన చేతులు నావి. నొప్పికి ఆయన పళ్లు బిగించి గోడవైపు తిరిగితే ఆ వీపు చూస్తూ కూర్చున్నది నేను. ఆయన ఎంత మంచి మెకానిక్కో నాకు తెలియదా? మంచి మెకానిక్ అయితే స్విచ్ ఆగిందా?

నువ్వు నాకు "చూస్తాను" అని రాసినప్పుడు నీకు ఓటు లేదు. నేను ఇక్కడ రోజూ గుండె చేత్తో పట్టుకుని తిరుగుతుంటే, నువ్వు అక్కడ టోపీల కబుర్లు రాసి నన్ను చిన్నపిల్లని ఆడించినట్టు ఆడించావు.

కాగితం వచ్చింది. నా సంచీలో ఉంది. ఆయన్ని పెట్టమంటే, "నువ్వు పెడితే నేనూ పెడతాను. నిన్ను కాదని పెట్టను" అన్నాడు. పిచ్చుక ఏమీ అడగడం లేదు. అన్నం పెట్టుకుంటుంది, తింటుంది, పళ్లెం కడుగుతుంది. అరిచినా బాగుండేది.

నేను సంతకం పెట్టను. ఇంక రాయకు.


వెల్డింగ్ షెడ్డు,
మే రెండో వారం

చిన్నీ,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు, మరిది ఎత్తి "బాగానే ఉన్నామండీ" అని పెట్టేస్తాడు. పిచ్చుకకి చేస్తే "తర్వాత మాట్లాడతాను పెద్దమ్మా" అంటుంది. ఆ "తర్వాత" ఎప్పటికీ రావడం లేదు. ఇక్కడ నాకు దేనిమీదా మనసు నిలవడం లేదు. నిన్న తరగతిలో అద్దం దించుకోకుండానే మంట వెలిగించబోయాను. పిల్లలే కేకేసి ఆపారు. ఇరవయ్యేళ్లుగా వాళ్లకి నేను చెప్పే మొదటి పాఠం అదే.

నాకు భయం లేదనుకుంటున్నావు. నేను తప్పుకున్నది పద్ధతి కోసమే, కానీ లేచి వచ్చేటప్పుడు ప్రాణం తేలికైంది. ఔనని చెప్పి ఆ పిల్లకి ఏమైనా అయితే నీ ముఖం ఎలా చూస్తాను? కాదని చెప్పి దాని ముఖం ఎలా చూస్తాను? వరండాలో కూర్చోవడమే సుఖం అనిపించింది. నీకు నిజం చెప్పకపోవడానికి అదీ ఒక కారణం. నీ తగువులోంచి తప్పించుకున్నాను.

సంతకం పెట్టమని అడగను. ఒక్కసారి వచ్చి ఆ శిక్షణ ఇచ్చే చోటు చూడు. ఎక్కడ నిలబెడతారు, ఎవరుంటారు, అన్నీ అడుగు. చూశాక వద్దనిపిస్తే పిల్లతో నువ్వే చెప్పు, చూశాను, వద్దు అని. చూడకుండా మాత్రం వద్దనకు.

నువ్వు జవాబు రాయకపోయినా సరే, తిన్నావో లేదో ఒక చీటీ ముక్క మీద రాసి పడెయ్యి.

అక్క


ఆసుపత్రి బట్టల గది,
మే నెలాఖరు

అక్కా,

తింటున్నాను.

మొన్న గురువారం మీ ఊరు వచ్చాం. ముగ్గురం. మీ ఇంటికి రాలేదు. నువ్వు పక్కన ఉంటే నీమీద కోపం చూపించుకుంటూ అడగాల్సింది అడగకుండా వచ్చేస్తానని భయం. కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా ఫరవాలేదు, ఇప్పుడు నీ వంతు.

శిక్షణ భవనం చూశాను. గోడలు లేని ఇనప గూడు, మూడు అంతస్తుల ఎత్తు, మధ్యలో లిఫ్టు నడిచే గొయ్యి. అంచున నిలబడి తొంగి చూసి, రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన మాత్రం కర్ర నాకిచ్చి, ఇనప కమ్మీ మీద చెయ్యి వేసి అలా నిలబడిపోయాడు. పాత స్నేహితుడి భుజం మీద వేసినట్టు. దెబ్బ తగిలాక ఆయన ఒక గొయ్యి దగ్గరికి వెళ్లడం అదే మొదలు. నేను ఆ ముఖం చూడలేక అటు తిరిగాను.

శిక్షణ అధికారి పద్ధతిగల మనిషి. అన్నీ ఓపికగా చూపించాడు. అంతా అయ్యాక అడిగాను.

"పనికి పంపినప్పుడు పిల్లల్ని ఒంటరిగా లోపలికి దింపుతారా?"

"రూలు ప్రకారం దింపకూడదండీ."

"రూలు నేనడగలేదు బాబూ. దింపుతారా?"

ఆయన మా ఆయన కాలువైపు చూశాడు. "ఇక్కడ దింపం. బయట పని ఒత్తిడి ఎక్కువైన చోట్ల... దింపుతుంటారు. మీతో అబద్ధం చెప్పలేను."

కాగితం సంచీలోంచి తీసి అక్కడే చింపేద్దామనుకున్నాను. తీశాను కూడా. పిచ్చుక చూస్తోంది. ఇంతలో మీ క్రేన్ పెద్దాయన అక్కడికి వచ్చాడు. నేను వస్తున్నానని ఆయనకి ఎవరు చెప్పారో నాకు తెలియదు, నువ్వు మాత్రం కాదు కదా? "ఏం కావాలో చెప్పమ్మా" అన్నాడు.

కాగితం చేత్తో పట్టుకునే చెప్పాను. "స్విచ్ దగ్గర ఒక మనిషి నిలబడి ఉంటే తప్ప మా పిల్ల లోపల అడుగు పెట్టదు. పెట్టనన్నందుకు దాని స్కాలర్‌షిప్ తీసేయకూడదు. పనిలోంచి పంపేయకూడదు. ఇది మీరు రాసివ్వాలి."

ఆయన గడ్డం గోక్కుంటూ, "మీ పిల్ల ఒక్కదానికేనా? మిగతా పిల్లలకి అమ్మలు లేరా?" అన్నాడు.

సిగ్గేసింది అక్కా. నేను నా పిల్ల కోసమే వెళ్లాను. మిగతా వాళ్లు నా తలలోకే రాలేదు. "అందరికీ రాయండి" అన్నాను, ముందునుంచీ అదే అనుకుంటున్నదానిలా.

రెండు రోజులకి రాసి పంపారు. మీ సంఘం పిల్లల్ని పనిలోకి తీసుకునే ప్రతి కంపెనీ దానికి ఒప్పుకోవాలట. ఒకటి రెండు కంపెనీలు ముఖం చాటేశాయని విన్నాను. పోనీ.

సంతకం పెట్టాను. ఆయనా పెట్టాడు. భయం పోయిందనుకోకు. ఆ గురువారం తిరుగు బస్సులోనే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "పెద్దవాళ్లు కసిరితే ఏమంటావు?" అని అడిగాను. "దిగనంటాను." "గట్టిగా అను." "దిగను!" "అంతేనా నీ గొంతు?" "దిగనంటే దిగను!" అని అరిచింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "సరేనమ్మా, ఇంకా మీ స్టాపు రాలేదు" అన్నాడు. ఎన్నాళ్లకో ముగ్గురం నవ్వుకున్నాం.

దాన్ని నీ ఊరికే పంపుతున్నాను. ఉండటం హాస్టల్లోనే అయినా, నీ కన్ను దానిమీద ఉంచు. ఈసారి నిజంగా చూడు.

చిన్నీ


ఇంటి నుంచి,
జూన్

చిన్నీ,

మా ఊరొచ్చి మా గడప తొక్కకుండా వెళ్లావు. దీనికి విడిగా తగువుంది, దాచి ఉంచుకుంటున్నాను.

క్రేన్ పెద్దాయనకి చెప్పింది నేను కాదు. మరిది. ముందురోజు ఫోన్ చేసి, "మా ఆవిడ వస్తోందండీ, కాస్త అక్కడ ఉండండి, తను అడిగితే నేను మధ్యలో మాట్లాడను" అన్నాడట. మీ ఇంట్లో గోడలు పల్చనే కానీ ఆయన నీకంటే మెల్లగా మాట్లాడతాడు.

పిచ్చుక హాస్టల్లో చేరింది. మంచం కిటికీ పక్కన దొరికింది. బూట్లు పెద్దవి ఇచ్చారని గుడ్డలు కుక్కి నడుస్తుంటే, మార్పించి వచ్చాను. దాని తరగతిలో అమ్మాయి ఇంకొకతే ఉంది. సాయంత్రం పని ముగించి బయటికి రాగానే మీకు ఫోన్ చేయమన్నాను, "పెద్దమ్మా, అమ్మ ఇప్పటికే మూడుసార్లు చెప్పింది" అంది.

ఆదివారం మాత్రం నాకు వదిలెయ్యి. నేనే భోజనం పెడతాను.

అక్క


ఆసుపత్రి బట్టల గది,
సెప్టెంబరు

అక్కా,

నిన్న సాయంత్రం నీకు అన్నిసార్లు ఫోన్ చేసినందుకు కోపగించుకోకు. నువ్వు తరగతిలో ఉన్నావని తర్వాత తెలిసింది. అసలేం జరిగిందో రాస్తాను.

ఈ నెల నుంచి పిచ్చుకని శిక్షణలో భాగంగా ఒక కంపెనీ పనికి పంపుతున్నారు కదా. రోజూ నేను పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేసరికి దాని ఫోన్ వస్తుంది. "బయటికొచ్చేశానమ్మా" అంటుంది, అంతే, అది విన్నాకే పొయ్యి వెలిగిస్తాను. నిన్న రాలేదు. బియ్యం కడిగి పెట్టుకుని కూర్చున్నాను. ఆయన ఒక ఫ్యాను విప్పాడు, మళ్లీ బిగించాడు, మళ్లీ విప్పాడు. మేం చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. బయట దీపాలు వెలిగాయి. "ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది" అన్నాడు ఆయన. "అయిపోతే మోగదు కదా" అన్నాను. నేను చెప్పులు వేసుకున్నాను. ఎక్కడికి వెళ్లడానికో నాకే తెలియదు. గుమ్మంలో నిలబడి ఉండగా మోగింది.

"అమ్మా" అంది. ఏడ్చిన గొంతు.

"దెబ్బ తగిలిందా?"

"లేదమ్మా."

"మరి?"

"పని దగ్గర, స్విచ్ దగ్గర నిలబడాల్సినాయన ఇంకో భవనానికి వెళ్లాడమ్మా. మేస్త్రీ నన్ను దిగమన్నాడు. ఐదు నిమిషాల పనే కదా, దిగు అన్నాడు. నేను దిగనన్నాను. ఆ స్విచ్ ఆయనొచ్చేదాకా పనంతా ఆగిపోయింది. కింద జనం మెట్లెక్కలేక గొడవ. ఇందాకటిదాకా అందరి ముందూ నన్ను నిలబెట్టి తిడుతూనే ఉన్నాడమ్మా."

నేను అక్కడే గుమ్మంలో కూర్చున్నాను. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

"తిట్టాడా?"

"బాగా తిట్టాడు."

"ఏమన్నాడు?"

"పిరికిదానివన్నాడు. ఇంటికెళ్లి కూరగాయలు తరుక్కోమన్నాడు. నీలాంటిది ఈ పనికి పనికిరాదన్నాడు."

"ఇంకా?"

"అమ్మా, నువ్వు నవ్వుతున్నావా?"

నవ్వో ఏడుపో నాకు తెలియలేదక్కా. నా పిల్లని ఒకడు నోటికొచ్చినట్టు తిడితే నాకింత ఆనందమా! రేపు ఆ కంపెనీ సంగతి క్రేన్ పెద్దాయన చూసుకుంటాడు, నువ్వూ చూడు, ఊరుకోకండి. కానీ నిన్న మాత్రం నాకు ఆ తిట్లు ఎన్ని విన్నా తనివి తీరలేదు. "మొదటినుంచి చెప్పు, ఏమని తిట్టాడు?" అన్నాను. పాపం ముక్కు ఎగబీలుస్తూ అన్నీ మళ్లీ చెప్పింది. ఆయన కర్ర కూడా తీసుకోకుండా గోడ పట్టుకుని వచ్చి, నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "నాకూ చెప్పు తల్లీ" అని ఇంకోసారి చెప్పించుకున్నాడు.

చిన్నీ